కడ్డీ లావు మిల్లుకు తెలుసు, మరి కొనేవారికి?

దౌల్తాబాద్ రైతు తాండూరు మార్కెట్‌కు కందులు తోలుకొస్తే తూకం తప్పదు, తేమ కూడా యంత్రం పెట్టి చూస్తారు. అదే రైతు ఇల్లు కట్టుకోవడానికి సలాకలు కొనబోతే లెక్క మారుతుంది. ఊళ్లలో చాలాచోట్ల '12 ఎం.ఎం. కడ్డీ ఒకటికి ఇంత' అనే బేరమే. కాటా ఊసే ఉండదు.

మిల్లుల పరిస్థితి వేరు. వెనుక కడ్డీ కొసను కోసి, చల్లార్చి, తూచి చూసేసరికి టన్నుల కొద్దీ సరుకు సాగిపోయేది. ఇప్పటి పెద్ద రోలింగ్ మిల్లుల్లో ఎర్రగా కాలుతూ పరుగెత్తే కడ్డీనే కాంతితో కొలుస్తున్నారు. ఒకవైపు నుంచి వెలుగు వేసి, రెండోవైపు పడిన నీడ వెడల్పును బట్టి లావు తేలుస్తారు. కడ్డీ తానే ఎర్రగా వెలుగుతుంది కనుక, ఆ వెలుగును వడగట్టి నీలి లేదా ఆకుపచ్చ కాంతిని వాడడం పరిపాటి. వెయ్యి డిగ్రీల వద్ద ఉన్న 12 ఎం.ఎం. కడ్డీ చల్లారితే సుమారు 0.15 ఎం.ఎం. సన్నబడుతుంది. ఆ తరుగును కూడా యంత్రమే లెక్క కడుతుంది.

ఇంత చూపు ఎందుకంటే, డబ్బంతా అక్కడే ఉంది. 12 ఎం.ఎం. కడ్డీ 12 మీటర్లకు 10.66 కిలోలు తూగాలి. ఐ.ఎస్. 1786 ప్రమాణం ఈ సైజు సరుకు మొత్తం మీద 5 శాతం వరకు హెచ్చుతగ్గులను అనుమతిస్తున్నది. అంటే లావులో 0.3 ఎం.ఎం. తగ్గితే చాలు, నూరు కడ్డీలకు 53 కిలోలు తగ్గుతుంది. ఇది చట్టబద్ధమే! కొలత ఎంత కచ్చితమైతే మిల్లు ఆ కింది గీతకు అంత దగ్గరగా, దాటకుండా నడవగలదు. యంత్రాన్ని తప్పు పట్టడం లేదు. దాని లాభం ఎవరికి చేరుతున్నదన్నదే ప్రశ్న.

టన్ను లెక్కన కొంటే సన్న కడ్డీలు నాలుగు ఎక్కువే వస్తాయని కొందరు వర్తకులు అంటారు. నిజమే. కానీ మేస్త్రీ పిల్లర్‌కు కడ్డీలు లెక్కపెట్టి కడతాడు, తూచి కాదు. ఇనుము నాణ్యత ఫె 500 అయినా, సన్నబడిన మేరకు మోసే బరువు తగ్గుతుంది. ఐ.ఎస్.ఐ. ముద్ర సరుకు కనీస ప్రమాణానికి హామీయే తప్ప నిండు తూకానికి కాదు.

కనుక వర్తకులు కాటా మీదే అమ్మాలి. బిల్లులో సైజువారీగా సెక్షన్ వెయిట్ రాయాలి. మిల్లు దగ్గర ఉన్న లెక్కే కనుక దీనికి అదనపు ఖర్చంటూ లేదు. ఇక కొనుగోలుదారులు గీతల కడ్డీ లావును కాలిపర్‌తో కొలవబోతే పొరపడతారు. సరిగ్గా ఒక మీటరు ముక్క కోయించి తూచాలి. 8 ఎం.ఎం. అయితే 395 గ్రాములు, 10 అయితే 617, 12 అయితే 888 రావాలి. కిరాణా కొట్టు కాటా చాలు.