దేశం అంచున ఆగాలి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు ఇళ్లకు దూరాలు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ల పిల్లలు ఒంటరిగా బైక్ మీద దేశం అంచులు చుట్టొస్తామంటే నాకు సంతోషమే. బిలాస్‌పూర్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌కు సముద్రమూ లేదు, విదేశీ సరిహద్దూ లేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు అంచు చూడాలన్న ఆశ సహజం. కానీ ఎన్ని రోజుల్లో ముగించామన్న లెక్క మీద మాత్రం నాకు గౌరవం లేదు. 11,000 కిలోమీటర్లు దాటిన తీరాన్ని, 15,000 దాటిన భూసరిహద్దును పందెంలా చుట్టేస్తే కచ్ ఉప్పునేలా, ధనుష్కోటి ఇసుకా, అరుణాచల్ కొండా కంటికి ఆనవు. హైదరాబాద్ అమ్మాయి సనా ఇక్బాల్ 2015లో బుల్లెట్ మీద ఒంటరిగా బయల్దేరి దేశం చుట్టింది. దారిలో కాలేజీల దగ్గర ఆగి డిప్రెషన్ గురించి, ఆత్మహత్యల గురించి పిల్లలతో మాట్లాడింది. ఆ ఆగడమే ఆమె యాత్రకు ప్రాణం. బయల్దేరేవాళ్లు అరుణాచల్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్, పంక్చర్ కిట్ సర్దుకున్నట్టే తీరికనూ సర్దుకోవాలి. ఇంట్లోవాళ్లు కూడా ఫోన్‌లో ఎన్ని కిలోమీటర్లయిందని కాదు, ఇవాళ ఎవరింట్లో తిన్నావని అడగాలి.