ఫోను డబ్బా మీద ఆ తేదీ ఏదీ?

చెనిక్కాయ పైరుకు మందు కొనే గాండ్లపెంట రైతు డబ్బా తిప్పి గడువు తేదీ చూస్తాడు. అదే మనిషి వేలు పోసి కొన్న ఫోను డబ్బా మీద ధర ఉంటుంది, కెమెరా గొప్పలుంటాయి. భద్రతా అప్‌డేట్లు ఏ నెలతో ఆగిపోతాయో మాత్రం ఉండదు. ఆ తేదీని అచ్చువేయడం చట్టప్రకారం తప్పనిసరి చేయాలన్నదే ఈ కరపత్రం డిమాండు.

ఆ తేదీతో పనేమిటన్నవాళ్లకు 2016 జనవరిలో బయటపడ్డ లోపమే జవాబు. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ అడుగున లైనక్స్ కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ తాళాల వంటి రహస్యాలను అది 'కీరింగు'ల్లో దాచి, ఒక్కోదాన్ని ఎందరు వాడుతున్నారో లెక్క పెట్టుకుంటుంది. వాడకం అయిపోతే లెక్కలో ఒకటి తగ్గాలి. ఒక ప్రోగ్రాం తన చేతిలో ఉన్న కీరింగునే మళ్లీ అడిగితే మాత్రం లెక్క పెరిగేదే గానీ తగ్గేది కాదు. అలా 429 కోట్లు దాటాక 32 బిట్ల అంకె నిండి సున్నాకు వచ్చేస్తుంది. సున్నా చూసి, ఇక ఎవరూ వాడటం లేదనుకుని కెర్నెల్ ఆ మెమరీని వదిలేస్తుంది. దొంగ ప్రోగ్రాం అక్కడ తన సరుకు చేర్చి యంత్రాన్నంతా గుప్పిట్లోకి తీసుకోవచ్చు. ఈ లోపాన్ని కనిపెట్టిన పర్సెప్షన్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులకు ఐ7 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీద ఈ పనికి అరగంట పట్టింది. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచీ ఉన్న ఈ లోపానికి సవరణ ఒక్క వరుస కోడ్!

ఆండ్రాయిడ్ ఫోన్లలో 66 శాతానికి ముప్పని పరిశోధకులు అన్నారు. అన్ని ఉండవని గూగుల్ కాదంది. గూగుల్ మాటే నిజం కావచ్చు. కానీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనుకు ఆ ఒక్క వరుస చేరే దారేదీ? 2017లో వచ్చిన 4.11 వెర్షన్‌లో, లెక్క సున్నాకు తిరగకుండా పైనే నిలిచిపోయే ఏర్పాటు తెచ్చారు. అదీ కొత్త కెర్నెల్ అందినవాళ్లకే.

ఈ ముప్పు కూలి పని దాకా వచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. 2023 జనవరి 1 నుంచి ఆ పనుల హాజరు ఎన్ఎంఎంఎస్ అనే యాప్‌లో ఫొటోలతో నమోదు కావాలన్నారు. కూలి డబ్బుకు ఫోనును ముడిపెట్టిన సర్కారు, ఆ ఫోను భద్రత తనకు పట్టదంటే కుదరదు.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి కంపెనీలు అప్‌డేట్ల కాలాన్ని ప్రకటించి తీరాలి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి, మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. అక్కడ తలవంచిన కంపెనీల్లో చాలావాటికి ఇక్కడ మాత్రం ఏ అడ్డూ లేదు.

అందుకే గాండ్లపెంట గ్రామసభలు, మండల సర్వసభ్య సమావేశం తీర్మానం చేసి కేంద్ర ఐటీ శాఖకూ, హిందూపురం ఎంపీకీ, కదిరి ఎమ్మెల్యేకూ పంపాలి. డబ్బా మీద తేదీతోపాటు, యాప్ తప్పనిసరి చేసిన ప్రతి పనికీ అప్‌డేట్లు అందే ఫోనును ప్రభుత్వమే ఇవ్వాలని అందులో రాయాలి. ఈలోగా సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూసుకోవడం మేలు. అది ఏడాది దాటి ఉంటే, ముందు బ్యాంకు యాప్‌ను ఆ ఫోనులోంచి తీసేయాలి.