తుపాకికి శ్రుతి

1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసినవారికి కౌబాయ్ వేషంలో కృష్ణ గుర్తుండే వుంటాడు. అటువంటి కథల్లో వీరుల నడుములకు వేలాడే రివాల్వర్లకు మూలపురుషుడు 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ రివాల్వరు. దానికి ‘పీస్ మేకర్’ అని ముద్దుపేరు. అంటే శాంతిదూత! ఆ పేరు పెట్టినవాడు హాస్యప్రియుడై వుంటాడు.

దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. ట్రిగ్గరుకు ఒకటే క్రియ, లేచి వున్న సుత్తిని వదిలిపెట్టడం. సుత్తిని లేపవలసింది ప్రతిసారీ మన బొటనవేలే. అలా లేపుతూంటే ఆ పాత కోల్టు నాలుగుసార్లు టిక్కుమంటుంది. మొదటిది రక్షణ గాటు, రెండోది తూటాలు నింపుకునే గాటు. మూడోది సిలిండరును పట్టే గడియ పైకి ఎగిరిన చప్పుడు. నాలుగోదానికి సుత్తి పూర్తిగా లేచి నిలుస్తుంది. గడియ తొందరపడి ముందే ఎగిరితే సిలిండరు చుట్టూ గీత పడుతుంది. తాళం తప్పిన మృదంగమన్నమాట.

ఈ కాలంలో వీటితో పనేమిటంటారా? అమెరికాలో 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అని ఒకటి వెలిసింది. సభ్యులు పాతకాలపు దుస్తులు వేసుకుని, మారుపేర్లు పెట్టుకుని, గడియారంతో పందెం కట్టి ఇనుప పలకలను కొడతారు. చాలామంది కొనేది ఇటలీలో చేసిన నకళ్ళు. కొన్నింటి లోపల పనిముట్ల గరుకు అలాగే మిగిలి, సుత్తి లాగుతూంటే నూనె లేని నూతి గిలకలా ఏడుస్తుంది. దాన్ని నునుపు చేయించుకోవాలని, కొందరికి తామే చేసుకోవాలని, కోరిక పుడుతుంది.

నేర్చుకునేవాడు మొదట పట్టవలసింది సానరాయి కాదు. తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో విప్పి, పాత జిడ్డు తుడిచి, తీరిగ్గా పరికించాలి. ఇనుము తళతళలాడుతున్న చోటల్లా ఏదో రాసుకుంటున్నదని అర్థం. సుత్తి పక్కలా, అది కదిలే సందులోనూ వున్న గరుకును సన్నరాయితో తీసి నూనె వేస్తే సగం జబ్బు అక్కడే పోతుంది. తరువాతది స్ప్రింగు. పాతపద్ధతిలో అది ఆకులాటి పలక. బిరుసు తగ్గిస్తే వేలికి హాయే, మరీ తగ్గిస్తే దెబ్బ చాలక తూటా పేలదు. రూగర్ కంపెనీ 1953లో తెచ్చిన రివాల్వరులో చుట్టల స్ప్రింగు పెట్టి ఆ పలకలు విరిగే బెడద తప్పించింది.

అసలు ప్రమాదం సుత్తి అడుగున వున్న గాట్ల దగ్గరా, వాటిలో కూర్చునే ట్రిగ్గరు కొన దగ్గరా వుంది. కొత్తవాడి చెయ్యి మొదట అక్కడికే పోతుంది, ట్రిగ్గరు తేలికయ్యేది అక్కడే గనుక. చాలా సుత్తులకు పైపొర మాత్రమే గట్టిపరచి వుంటుంది, రొట్టె మీది పెళుసులాగ. ఆ పొర రాయికి పోయిందా, కొన్నాళ్ళు పట్టులా జారుతుంది, ఆ తరువాత మెత్తని ఇనుము అరిగి, ఎవరూ నొక్కకుండానే సుత్తి పడుతుంది. ఎదుట ఎవరున్నారో దానికి తెలియదు గదా!

అసలు పాత కోల్టులో రక్షణ గాటే బలహీనం. కింద పడితే విరిగి పేలవచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఆరు గదులున్నా అయిదే నింపి, సుత్తిని ఖాళీ గది మీద దించి వుంచుతారు. 1973లో రూగర్ వారు, ట్రిగ్గరు నొక్కి వుంచితే తప్ప సుత్తి దెబ్బ తూటాకు చేరకుండా అడ్డుపట్టీ ఒకటి పెట్టారు. పని తేలిగ్గా జరగాలని దాన్ని తీసేసే ఘనులుంటే వాళ్ళను దూరం నుంచే నమస్కరించడం మంచిది. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇటువంటి మరమ్మతే నేరం.

పనితనం తెలిసిన మేస్త్రీ చివర ఒక పరీక్ష పెడతాడు. ఖాళీ తుపాకిలో సుత్తిని పూర్తిగా లేపి, ట్రిగ్గరు ముట్టకుండా, బొటనవేలితో సుత్తిని ముందుకు తోస్తాడు. కదలకపోతే సరే. జారిందంటే ఆ రివాల్వరు యజమాని చేతికి తిరిగి వెళ్ళదు, కొత్త సుత్తికీ ట్రిగ్గరుకూ ఆర్డరు వెళుతుంది.