సగం బండి.. నిండు ఖర్చు!

తెల్లారకముందే చేవెళ్ల రోడ్డు మీద నిలబడి చూడండి. ఒకే ఊరి ట్రాలీలు నాలుగు, మెహిదీపట్నం రైతుబజారుకు విడివిడిగా పోతుంటాయి. ఒక్కోదాంట్లో నాలుగేసి బస్తాలు. తిరిగొచ్చేటప్పుడు అవీ ఉండవు.

లెక్క వేసుకుందాం. పోనురాను 80 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చినా బండికి 5 లీటర్ల డీజిలు. నాలుగింటికి 20 లీటర్లు. ఆ 16 బస్తాలూ ఒక్క బండిలో వేస్తే, బరువుకు మరో లీటరు తాగినా, 14 లీటర్లు మిగులు. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు గాల్లో కలుస్తుంది. అంటే ఒక్క పూటలోనే దాదాపు 38 కిలోలు తగ్గినట్టు. ఈ వాయువు పెరిగేకొద్దీ ఎండలు ముదురుతాయి, వానలు గతి తప్పుతాయి. ఆ దెబ్బ ముందు తగిలేది సేద్యానికే.

'కలిసి పోతే పేచీలొస్తాయి' అంటారు. నిజమే. అందుకే ఊళ్లోనే తూకం వేయండి. బస్తాలకు తలా ఒక రంగు గుర్తు పెట్టండి. కిరాయి బస్తాకింతని ముందే మాట్లాడుకోండి. వచ్చేటప్పుడు పశువుల దాణా, విత్తనాలు వేసుకొస్తే బండి ఖాళీగా రాదు.

సర్కారు చేయాల్సిన పనీ ఉంది. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు కూరగాయల రైతుల కోసం ఆర్టీసీ ప్రత్యేకంగా బస్సులు నడిపింది. ఇప్పుడూ తెల్లవారుజామున గంపలకు చోటుండే బస్సు వేయాలని ఊరంతా కలిసి డిపో మేనేజరుకు అర్జీ పెట్టండి. ఆ బస్సు వచ్చేదాకా ఆగకండి. పక్క చేను రైతుతో ఈ వారమే మాట కలపండి.