పిల్లని చూసి కాదు, పెద్దయ్యాక చూడండి!

అక్వేరియం కొన్న కొత్తలో రూపాయి బిళ్లంత ఏంజెల్ పిల్లలు రెండు, నియాన్ టెట్రాలు 8 తెచ్చేశా. కొన్ని నెలలు బాగానే కలిసున్నాయి. తర్వాత మొదలైంది... పొద్దున్న లేచి లెక్కపెడితే ఒక నియాన్ తక్కువ! ఏంజెల్స్ తప్పేం లేదు. పెరిగాయి, నోట్లో పట్టిన దాన్ని తినేశాయి. పెద్దయితే ఎంతవుతాయో అడగకుండా కొన్న తప్పు నాదే.

అందుకే షాపులో రంగు చూసే ముందు మూడు విషయాలు అడగండి. ఎంత పెరుగుతుంది? నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి? గొడవపడుతుందా? నియాన్లకు 24-26 డిగ్రీలు హాయి, గోల్డ్‌ఫిష్‌కేమో చల్లటి నీళ్లు కావాలి. టైగర్ బార్బ్‌లు గప్పీల తోకలు కొరికేస్తాయి.

60 లీటర్ల ట్యాంకైతే నియాన్లు 8, అడుగున తిరిగే చిన్న రకం కోరిడోరాస్ 6 చాలు. రెండూ గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి.

నీళ్లు పోసిన రోజే మాత్రం చేపల్ని వదలొద్దు. చిటికెడు మేత వేస్తూ 4-6 వారాలు ఫిల్టర్ నడపండి. అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా అప్పటికి పెరుగుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల కోసం బయల్దేరండి.