పాత పిస్టల్ కొనమంటారా? తాకేటా నుంచి ఒక ఉత్తరం

ఈ నెల ఉత్తరం యాంగోన్ నుంచి వచ్చింది. రాసినాయన వీధి, వ్యాపారం, ఇంట్లోవాళ్ల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. తాకేటా అన్న పేరు మాత్రం ఉంచాను, ఎందుకంటే జవాబు ఆ చోటుని బట్టే చెప్పాలి.

సంగతి ఇది. ఆయన ముత్తాత కాకినాడ వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లారు. ఈయన తాకేటాలో చిన్న కొట్టు నడుపుతున్నారు. ఇంట్లో భార్య, పదిహేనేళ్ల కూతురు, పెద్దవయసు తల్లి. ఈ మధ్య ఆ చుట్టుపక్కల రెండు మూడు కొట్లలో దోపిడీ జరిగింది. రాత్రి కొట్టు మూసి డబ్బుతో ఇంటికి నడిచి వచ్చే పది నిమిషాలూ గుండె దడదడలాడుతోందట. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన నడుముకు పెట్టుకునే చిన్న పిస్టల్ చూపించాడు. వాడినది. "కొత్తలాగే ఉంది, లైసెన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. "పాతది కొనడం తప్పా? కొనేటప్పుడు ఏం చూడాలి?" అని ఈయన అడుగుతున్నారు.

అయ్యా, ముందుగా ఒక మాట. మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పజుండౌంగ్ కాలువ దాటితే తాకేటా, ఆ పక్కన బాగో నది. 1950ల చివర రంగూన్ బస్తీల జనాన్ని తరలించి కట్టిన ఊరది. రెక్కల కష్టం మీద బతికేవాళ్ల ఊరు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకున్నాక అక్కడ పోలీసును పిలిస్తే మేలు జరుగుతుందన్న నమ్మకమే పోయింది. ఆ ఏడాది మార్చిలో, పట్టుకుపోయినవాళ్లను వదలమని తాకేటా పోలీసు స్టేషన్ ముందు జనం చేరితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దొంగ వస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్న మీ ప్రశ్న వట్టి పిరికితనం కాదు.

ఇక మీరు అడిగిన వస్తువు సంగతే ముందు చూద్దాం.

కాంపాక్ట్ పిస్టల్ అంటే దాచుకోవడానికి వీలుగా గొట్టమూ పిడీ పొట్టిగా చేసిన తుపాకీ. ఆ పొట్టితనమే దాని గుణం, దాని లోపం కూడా. తేలికగా ఉంటుంది కాబట్టి పేల్చినప్పుడు చేతిని గట్టిగా తంతుంది. పిడి మీద వేళ్లు పూర్తిగా ఆనవు. పెద్ద పిస్టల్ కంటే దీనితో గురి కుదరడం కష్టం. క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్లకే అది లొంగుతుంది. తాకేటాలో మీరు సాధన ఎక్కడ చేస్తారు? తూటాలు ఎక్కడ కొంటారు? ఇంకో సంగతి. దాన్ని ప్యాంటు బెల్టుకు తగిలించే తోలు ఒరలో పెట్టుకోవడానికి తయారుచేశారు. మీరు రోజూ కట్టేది లోంజీ. ముడి మీద ఆగే బట్టలో నిండు పిస్టల్ దోపుకుని గతుకుల దారిలో నడవడం ఎంత ప్రమాదమో మీకే తెలుసు.

పాతది కొనేటప్పుడు తెలిసినవాళ్లు ఏం చూస్తారంటే, గొట్టం లోపలి చాళ్లు అరిగాయా, తుప్పు గుంటలు ఉన్నాయా, లోపలి స్ప్రింగులు వదులయ్యాయా, మ్యాగజైన్ పెదవులు వంగాయా, ట్రిగ్గరు ఎంత బరువుకు కదులుతోంది, సేఫ్టీ నిజంగా పట్టుకుంటోందా అని. ఆ తర్వాత యాభై, వంద తూటాలు పేల్చి చూడనిదే నమ్మరు. ఎందుకంటే చూడటానికి కొత్తగా ఉన్న పిస్టల్ కూడా మూడో తూటాకే ఇరుక్కుపోవచ్చు. మీకు ఆ పరీక్ష చేసే వీలు లేదు. బట్టలో చుట్టి చూపిస్తారు, మీరు డబ్బు ఇస్తారు, అంతే. పాత కుట్టు మిషన్ కొనేటప్పుడు కూడా మనం ఒక గుడ్డ ముక్క కుట్టి చూస్తాం కదా.

అయితే స్ప్రింగు మార్చొచ్చు, మ్యాగజైన్ మార్చొచ్చు. మార్చలేనిది దాని గతం. ఆ పిస్టల్ మీ చేతికి ఎవరి చేతి నుంచి వస్తోంది? పోలీసు ఠాణా నుంచి పోయిందా? ఏ సైనికుడి నుంచైనా లాక్కున్నదా? దానితో ఇప్పటికే ఎవరి ప్రాణమైనా పోయిందా? అమ్మేవాడు చెప్పేదాన్ని తేల్చుకునే దారి మీకు లేదు. రేపు మీ ఇంట్లో దొరికితే, దాని మీద చెక్కిన నంబరుకు జవాబు చెప్పాల్సింది మీరే. పాత స్కూటర్ కొంటే పాత చలాన్లు మన మీద పడతాయని భయపడి కాగితాలు చూస్తాం. ఇక్కడ చూడటానికి కాగితాలే లేవు.

చట్టం సంగతికి వద్దాం. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టమే రెండు చోట్లా అమలైంది. భారతదేశం 1959లో కొత్త చట్టం చేసుకుంది. బర్మా ఆ పాతదాన్నే మార్పులతో ఉంచుకుంది. లైసెన్సు లేని తుపాకీ అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. 2021 తర్వాత ఆయుధాల కేసుల్లో ఉగ్రవాద నిరోధక చట్టాన్ని కూడా వాడుతున్నారు. దొంగల భయంతో కొన్నానని మీరు చెప్పే మాటను వినే ఓపిక ఆ కోర్టుల్లో ఉంటుందని నేను అనుకోను.

"లైసెన్సు తర్వాత చూసుకోవచ్చు" అన్న మాట దగ్గర ఆగండి. నిజంగానే లైసెన్సుకు ఒక దారి తెరిచారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి హోం శాఖ విధానం ఒకటి వార్తల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన పౌరులై ఉండాలి, దేశానికి విధేయులై ఉండాలి, మంచి నడవడిక ఉండాలి, రక్షణ కోసం ఆయుధం అవసరమని చూపాలి అని అందులో షరతులు. మరో షరతు కూడా ఉంది. లైసెన్సు తీసుకున్నవాళ్లు స్థానిక అధికారులు పిలిస్తే భద్రత పనుల్లో, శాంతిభద్రతల పనుల్లో పాల్గొనాలి. అంటే కొట్టు కాపాడుకోవడానికి తీసుకున్న తుపాకీతో రేపు ఏ చెక్‌పోస్టు దగ్గరో నిలబడమంటే నిలబడాలి. ఎవరి ఇల్లు సోదా చేయడానికి వెళ్తున్నా వెంట రమ్మంటే వెళ్లాలి.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. లైసెన్సు లేకుండా కొంటే సైన్యం కళ్లకు మీరు తిరుగుబాటుదారు. లైసెన్సుతో కొంటే తిరుగుబాటుదారుల కళ్లకు మీరు సైన్యం మనిషి. యాంగోన్‌లో వార్డు అధికారుల మీద, ఇన్‌ఫార్మర్లని అనుమానించినవాళ్ల మీద ఎన్ని దాడులు జరిగాయో నాకంటే మీకే బాగా తెలుసు. దొంగకు మీ గల్లాపెట్టె మీదే కన్ను. పిస్టల్ నడుముకు చేరిన రోజున మీ మీద కన్ను వేసేవాళ్లు ఇంకా ఇద్దరు పెరుగుతారు.

మనవాళ్లకు ఈ లెక్క ఇంకా బరువైనది. 1982 పౌరసత్వ చట్టం పౌరులను మూడు తరగతులు చేసింది. గులాబి రంగు కార్డు ఎవరికి, నీలం ఎవరికి, ఆకుపచ్చ ఎవరికి అన్న పంచాయితీ భారతీయ మూలాలున్న కుటుంబాలకు తాతల నాటి నుంచీ తెగలేదు. అలాంటి చోట ఒక భారతీయుడి కొట్లో ప్రభుత్వం ఇచ్చిన తుపాకీ ఉందంటే అది ఆ ఒక్కడి సంగతిగా ఉండిపోదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో ఏం జరిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కోరంగీలని పిలిచే మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల వాళ్లు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తేలగానే ఆ బర్మా వాళ్లను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. అక్కడ చచ్చిందీ చంపిందీ ఇద్దరూ కూటికి లేనివాళ్లే. వాళ్లను ఎదురెదురుగా నిలబెట్టిన లెక్క వేరేవాళ్లది. ఇప్పుడు మిమ్మల్ని పొరుగువాళ్లకు ఎదురుగా నిలబెట్టే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇంట్లో మాట కూడా చెప్పాలి. పిస్టల్ మీ నడుముకు ఉండేది రోజుకు పది నిమిషాలు. మిగతా ఇరవైమూడు గంటల యాభై నిమిషాలూ అది ఇంట్లో ఉంటుంది. తుపాకులు లెక్కలేనన్ని ఉన్న అమెరికాలో ఏటా వాటితో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. చదువు ఆగి, బయటికి వెళ్లే దారి లేక, రాత్రి కరెంటు లేని గదుల్లో కూర్చుంటున్న పిల్లలున్న ఊరు మీది. పదిహేనేళ్ల అమ్మాయి ఉన్న ఇంట్లో దాన్ని ఎక్కడ దాచినా ఆ పిల్లకు తెలియకుండా ఉండదు.

ఈ శీర్షిక చదివే అమెరికా కుటుంబాలు ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి. అక్కడ కూడా ముందు తుపాకీ తర్వాత కాగితం అనుకుని చిక్కుల్లో పడే వీలుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి గానీ వకీలును అడగకుండా వాటిని నమ్ముకోకూడదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఆ నిషేధం లేదు. పాతది కొనేవాళ్లు ఎవరో అమ్ముతున్నారని పార్కింగ్ స్థలంలో చేతులు మార్చుకోకుండా, లైసెన్సున్న డీలరు ద్వారా, నేపథ్య తనిఖీతో రాయించుకోవడం మంచిది. హైదరాబాదులో అయితే పోలీసు కమిషనర్ దగ్గర లైసెన్సు వచ్చాకే కొనుగోలు మాట. ఎన్నికలొస్తే అది కూడా ఠాణాలో జమ చేసి రావాలి. ఏ దేశంలోనైనా క్రమం ఒకటే, ముందు హక్కు, తర్వాత వస్తువు.

మరి దోపిడీ సంగతి ఏమిటంటారా? 2021 ఫిబ్రవరి 12న సైనిక ప్రభుత్వం ఇరవైమూడు వేల మందికి పైగా ఖైదీలను ఒక్కసారిగా వదిలినప్పుడు యాంగోన్ వాడలు ఏం చేశాయో గుర్తు తెచ్చుకోండి. వీధి వీధికీ రాత్రి కాపలా పెట్టుకున్నారు. కొత్త మనిషి కనిపిస్తే గిన్నెలు, మూకుళ్లు మోగించారు, వీధంతా లేచి వచ్చింది. ఈ రోజుల్లో రాత్రి గుంపుగా తిరగడం కుదరకపోవచ్చు. కానీ దొంగ భయపడేది చప్పుడుకు, నలుగురి కళ్లకు అన్నది మారలేదు.

చీకటి పడకముందే కొట్టు మూసేయండి, ఆ గంట బేరం పోతే పోనివ్వండి. డబ్బు రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో తీసుకురావద్దు. వీలైనంత బేరం ఫోన్ చెల్లింపుల్లోకి మార్చండి. గల్లాలో కొద్ది మొత్తం ఉంచండి, అడిగితే ఇచ్చేయడానికే అది. పక్క కొట్ల ఇద్దరితో కలిసి ఇంటికి నడవండి. ఇంటికి ఇనుప జాలి తలుపు, లోపల అడ్డకర్ర, బ్యాటరీ లైటు, గట్టిగా మోగే గంట పెట్టుకోండి. పిస్టల్‌కు అడిగిన డబ్బులో కొంత భాగంతోనే ఇవన్నీ అయిపోతాయి. ఇన్ని చేసినా ఒకరోజు దొంగ ఎదురైతే డబ్బు పారేసి ఇంటికి రండి. బేరం మళ్లీ చేసుకోవచ్చు.

చివరగా, అమ్మజూపిన మనిషికి ఏం చెప్పాలన్నది. అది కూడా జాగ్రత్తగా చేయాల్సిన పనే. మీ ఊళ్లో "దలాన్" అన్న మాటకు అర్థం మీకు తెలుసు. అతను నిజంగా అమ్మడానికే వచ్చాడో, మీరేమంటారో వినిపోవడానికి వచ్చాడో మనకు తెలియదు. కాబట్టి వాదించకండి, చట్టం గురించి ఉపన్యాసం చెప్పకండి, ధర అడగకండి, ఇంకోసారి చూస్తాననకండి. అతను పంపిన ఫోటో ఫోన్లో ఉంటే ఉంచుకోకండి, చెక్‌పోస్టుల దగ్గర ఫోన్లు తెరిపిస్తున్నారు కదా. "మా ఆవిడ ఇంట్లో అడుగు పెట్టనివ్వనంది, నాకెందుకులే" అని నవ్వేసి టీ ఇప్పించి పంపండి. పెళ్లాం మాటకు జడిసే మగవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. ఆమెకు మాత్రం ఈ సంగతి ఆ రాత్రే చెప్పండి. ఆమె ఏమంటుందో నాకు దాదాపు తెలుసు.