బిడ్డ ఎన్నిసార్లు చెప్పాలి?

2024 జులై 7న నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఆడుకోవడానికి వెళ్లిన చిన్నారి ఇల్లు చేరలేదు. ఈ కేసులో నిందితులు ముగ్గురూ మైనర్లే. వారు పొంతన లేని మాటలు చెబుతుంటే, బలగాలు రోజుల తరబడి ఆమె కోసం నీళ్లు గాలించాయి. చర్చంతా శిక్షల చుట్టూ తిరిగింది. పిల్లలతో మాట్లాడి నిజం తెలుసుకునే నేర్పు మన దర్యాప్తులో ఎంతుందన్న ప్రశ్న వెనకబడిపోయింది.

చట్టంలో లోటు లేదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టేందుకు తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం బాధిత బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. సాక్ష్యానికి పదేపదే రప్పించరాదని 33వ సెక్షన్, కోర్టు కేసును స్వీకరించిన 30 రోజుల్లో సాక్ష్యం నమోదు కావాలని 35వ సెక్షన్ చెబుతున్నాయి.

ఆచరణలో బాధిత బిడ్డ పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, బాలల సంక్షేమ కమిటీకి, చివరకు కోర్టుకు అదే గాయాన్ని విప్పి చూపాలి. కర్నూలు జిల్లా కోసిగి వైపు పల్లెల్లో అమ్మానాన్నలు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పోతే పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు. అలాంటి బిడ్డను వెంటబెట్టుకుని ఆ ముసలితల్లి కర్నూలుకు ఎన్నిసార్లు బస్సెక్కగలదు? చెప్పిన ప్రతిసారీ మాట కాస్త మారుతుంది. ఆ తేడానే డిఫెన్సు లాయరుకు ఆయుధం. విసిగిన కుటుంబాన్ని ఊరి పెద్దలు రాజీకి కూర్చోబెడతారు. నేరస్తుడికి ఇంతకన్నా అండ ఏం కావాలి?

పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే కప్పు కింద అందించే భరోసా కేంద్రం హైదరాబాద్‌లో 2016లోనే మొదలైంది. ఐస్‌లాండ్ 1998లోనే ఇందుకోసం 'పిల్లల ఇల్లు' కట్టింది. ప్రతి జిల్లాలో ఏడాదిలోగా ఇలాంటి వన్ స్టాప్ సెంటర్ ఉండాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో కోరింది. కర్నూలులో 1957 నుంచి వైద్య కళాశాల ఉంది. కడపలో రిమ్స్ ఉంది. కొరత డాక్టర్లది కాదు, శాఖలు కలిసి కూర్చోకపోవడమే అసలు లోపం. వన్ స్టాప్ సెంటర్ అని బోర్డు తగిలించి, బిడ్డను మళ్లీ స్టేషన్‌కు పిలిస్తే అది కోర్టు మాటను మన్నించడం కాదు, చట్టాన్ని ఉల్లంఘించడమే.

కర్నూలు, కడప, నంద్యాల కలెక్టర్లు, ఎస్పీలు తమ జిల్లా న్యాయమూర్తులతో ఈ నెలలోనే సమావేశం కావాలి. బిడ్డ దగ్గరకు అధికారులే వెళ్లాలి. ఆ మాటను ఒక్కసారే, సరిగా వినాలి.